దేవానందం గారి ఆఖరి రిటర్ను

జూలై మొదటి వారంలో తిరుపతి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియాలో అతనికి రెండు లేతు మిషన్ల షెడ్డు ఉంది. బోరు మోటార్లకు షాఫ్టులు తిప్పి ఇవ్వడం అతని పని. ఆ పనంతా ఫోన్ మీదే వస్తుంది. అలాంటి మనిషి మోగుతున్న ఫోన్‌ను నూనె గుడ్డలో చుట్టి, టూల్ బాక్సులో పెట్టి, పైన నాలుగు స్పానర్లు పేర్చాడంటే ఎవరికైనా అనుమానం రాకుండా ఉంటుందా? అప్పులవాళ్ల బెడదేమో అనుకున్నాడు పన్నెండేళ్లుగా అతని దగ్గర పనిచేస్తున్న మహిపాల్. అప్పులవాళ్లయితే తిరుపతి ఎదురెళ్లి టీ తాగించి పంపేవాడు. ఫోన్ చేస్తున్నది విక్టోరియమ్మ. ఆమె అడుగుతున్నది ఒక్క సంతకం. నలభై ఆరేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఆ ఒక్క సంతకానికి భయపడి తప్పించుకు తిరుగుతున్నాడు.

విక్టోరియమ్మ భర్త దేవానందం జనవరిలో పోయాడు. డెబ్బై ఒకటో ఏట, మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసి మళ్లీ లేవలేదు. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో టర్నరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి, చర్చిలో పెద్ద, ముక్కుసూటి రకం. అందరికీ ఉండే సరదాలేవీ ఆయనకు లేవు. ఉన్నదొక్కటే, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను. ఆ పేరు వింటే జనం తలనొప్పి మాత్ర వెతుక్కుంటారు, దేవానందం ఇస్త్రీ చొక్కా వెతుక్కునేవాడు. ఏటా జూలై రాగానే ఫైలు చంకన పెట్టుకుని, మెయిన్ రోడ్డు మీద బిర్యానీ హోటల్ పైన ఉన్న, రిటర్నులు వేసిపెట్టే స్వర్ణలత ఆఫీసు మెట్లెక్కేవాడు. రిటర్ను వేసిన రోజు ఇంట్లో మటన్ వండాల్సిందే. పన్ను కట్టేంత ఆదాయం లేని ఏడు కూడా వేశాడు. "గవర్నమెంటోళ్లు అడగకముందే మనమే చెప్పాలె" అనేవాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా గడువు దాటలేదు.

అందుకే ఏడుపులు, ప్రార్థనలు, సమాధి రాయి పెట్టించడం అన్నీ అయ్యాక, జూన్ నెలలో విక్టోరియమ్మకు దిగులు పట్టుకుంది. ఈ ఏటి రిటర్ను ఎవరు వేస్తారు? చనిపోయిన మనిషికి రిటర్నేంటని నవ్వుతారేమోనని జంకుతూనే స్వర్ణలతను అడిగింది. స్వర్ణలత నవ్వలేదు.

"ఉంటది ఆంటీ. పోయిన ఏప్రిల్ ఒకటి నుంచి అంకుల్ పోయిన దినం దాకా వచ్చిన పింఛను, బ్యాంకు వడ్డీ అంతా అంకుల్‌దే. ఆ తర్వాతది మీది. అంకుల్‌ది అంకుల్ పేరు మీద మీరు ఏయాలె" అంది.

కొడుకు ఎబినేజర్ నారపల్లిలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. ఆసుపత్రులకు మిషన్లు అమ్మే కంపెనీలో ఉద్యోగం. మంచివాడే గానీ, కాళ్ల కింద నిప్పులున్నట్టు తిరుగుతాడు. "డాడీ పాస్‌వర్డు నాకెరికే. ఆయన లెక్కనే లోపటికి పోయి ఏసేద్దాం. ఐదు నిమిషాల పని" అన్నాడు.

"జనవరిల పోయినాయన జూలైల వచ్చి రిటర్ను ఎట్ల ఏస్తడు తమ్మీ?" అంది స్వర్ణలత. "ఆంటీని వారసురాలిగ ఎక్కియ్యాలె. దానికి తహసీల్దార్ ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలె. అది పెట్టినంక ఒప్పుకునేదానికి వారమో పది దినాలో పడతది. నెలాఖరుకు గడువు. జల్ది తెండ్రి."

ఎబినేజర్ జల్దీగానే కదిలాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. దేవానందం ఏ కాగితాన్నైనా మూడు జిరాక్సులు తీసి బీరువాలో దాచే మనిషి. ఎబినేజర్ ఆ కట్టలో చెయ్యి పెట్టి, కుటుంబానికి రుజువుగా ఉంటుందని పాత రేషన్ కార్డు జిరాక్సు ఒకటి లాగి, చదవకుండానే దరఖాస్తుకు పిన్ను కొట్టి మీసేవలో ఇచ్చి వచ్చాడు.

నాలుగు రోజులకు తహసీల్దార్ ఆఫీసు నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, అదే ఆర్‌ఐ, విచారణకు వచ్చాడు. వీధి మొదట్లో కిరాణా కొట్టు దగ్గర బండి ఆపి, దేవానందానికి పిల్లలెంతమంది అని అడిగాడు.

"ముగ్గురు సార్" అన్నాడు కొట్టాయన, తడుముకోకుండా. "పెద్దోడు తిరుపతి, రెండోడు ఎబినేజర్, బిడ్డ ఫెబా."

పక్కింట్లో అడిగితే అదే మాట. రేషన్ కార్డు తిప్పి చూస్తే అందులోనూ అదే: తిరుపతి, కుమారుడు, వయసు పదిహేను. దరఖాస్తులో మాత్రం పిల్లలు ఇద్దరే. చర్చి పెద్ద ఇంట్లో పెద్దకొడుక్కి తిరుపతి అని పేరెలా వచ్చిందో ఆర్‌ఐకి అంతుపట్టలేదు గానీ, వీళ్లెవరో ఒక వారసుడికి నామం పెడుతున్నారని మాత్రం గట్టిగా తోచింది. ఫైలు పక్కన పెట్టేశాడు. ఆయన్ని తప్పుపట్టడానికేమీ లేదు, ఎవరైనా అదే చేస్తారు.

అసలు తిరుపతి జనగామ దగ్గరి పల్లెవాడు. తండ్రి చంద్రయ్య పోయాక పదిహేనేళ్ల వయసులో నాచారం వచ్చి, ఫ్యాక్టరీలో ఇనుప రజను ఊడుస్తూ, గోనె సంచుల మీద పడుకునేవాడు. దేవానందం ఒకరోజు ఒక్క పూట భోజనానికని ఇంటికి తీసుకొచ్చాడు. ఆ ఒక్క పూట పదకొండేళ్లు సాగింది. ఆదివారం వాళ్లతో చర్చికి పోయేవాడు, శనివారం హనుమంతుడి గుడికి పోయేవాడు. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అన్నం మాత్రం అందరికీ చాలేది కాదు. ఎదిగే పిల్లవాడు, తిండి దగ్గర మొహమాటం ఎరగడు. అప్పట్లో కార్డులో ఎన్ని పేర్లుంటే అంత బియ్యం. ఊళ్లో మేనల్లుళ్లను, మరదళ్లను ఎక్కించుకునేవాళ్లకు కొదవలేదు. దేవానందం కూడా దరఖాస్తులో పెద్దకొడుకు తిరుపతి అని రాసేశాడు. ప్రభుత్వం అడగకముందే నిజం చెప్పాలనే మనిషి, జీవితంలో ప్రభుత్వానికి ఆడిన అబద్ధం ఇదొక్కటే. ఆఖరి రిటర్ను వేళకు సరిగ్గా అదే అడ్డం పడింది.

ఆఫీసులో చెప్పిన మందు చిన్నదే. తాను దేవానందం కొడుకును కానని తిరుపతి స్టాంపు పేపరు మీద రాసి, నోటరీ చేయించి ఇస్తే చాలు. ఎబినేజర్ అప్పటికప్పుడే ఆఫీసు ఎదురుగా టైపు చేసేవాడి దగ్గర కాగితం కొట్టించాడు. తిరుపతిని పిలిపించి చేతిలో పెన్ను పెట్టాడు.

తిరుపతి కాగితం చదివాడు. "దేవానందం అను వ్యక్తికి నేను కుమారుడను కాను. సదరు వ్యక్తితో గాని, వారి కుటుంబముతో గాని నాకు ఎట్టి సంబంధము లేదు." రెండోసారి చదివాడు. అద్దాలు మరిచిపోయానన్నాడు. అద్దాలు నెత్తిమీదే ఉన్నాయని ఎబినేజర్ చూపించాడు. పెన్ను రాయడం లేదన్నాడు. ఇంకో పెన్ను వచ్చింది. కడుపులో తిప్పుతోందని బయటికి వెళ్లి, స్కూటర్ స్టార్ట్ చేసి, అటు నుంచి అటే ఉప్పల్ వెళ్లిపోయాడు. అప్పటి నుంచే ఫోన్‌కు స్పానర్ల కింద కాపురం మొదలైంది.

ఇంట్లో భార్య కౌసల్య కూడా చెప్పి చూసింది. "అది కాయితం. కాయితానికి గింత పరేషాన్ ఏంది?"

"మన పెండ్లిల నా తండ్రి జాగల నిలబడ్డది ఎవరు?" అన్నాడు తిరుపతి.

ఆ సంగతి కౌసల్యకు బాగా గుర్తుంది. పంతులు గోత్రం అడిగితే దేవానందం బిక్కమొహం వేసి, చివరికి "మాది నాచారం సార్" అన్నాడు. పందిట్లో ఎవరికీ నవ్వు ఆగలేదు. ఆ మాట గుర్తుచేసుకుని ఇద్దరూ మళ్లీ నవ్వుకున్నారు. నవ్వడం అయ్యాక తిరుపతి కళ్లు తుడుచుకుని, "గసువంటాయనతోని నాకు ఏ సంబంధం లేదని నా చేతులతోని రాస్తనా" అన్నాడు. అతని బాధ కాగితం గురించి కాదు. కన్నతండ్రి మొహం అతనికి సరిగ్గా గుర్తులేదు. పెంచిన తండ్రి పోయి ఆరు నెలలైంది. ఇప్పుడు ఆ తండ్రి లేనే లేడని సంతకం పెడితే, ఈ లోకంలో తాను ఎవరి కొడుకూ కాకుండా పోతాడు. ఆ భయం పైకి చెప్పుకుంటే చిన్నపిల్లాడి మాటలా ఉంటుందని చెప్పలేదు.

మూడు రోజులు చూసి, నాలుగో రోజు విక్టోరియమ్మ ఆటో ఎక్కి నేరుగా షెడ్డుకే వచ్చింది. అరవై ఎనిమిదేళ్లు, రెండు మోకాళ్లూ నొప్పే, అయినా పట్టు పట్టిందంటే వదలదు. ఆమె ఆటో దిగడం చూసి తిరుపతి రేకుల పార్టిషన్ వెనక్కి దూరాడు.

"అన్న చర్లపల్లి పోయిండమ్మా" అన్నాడు మహిపాల్.

"అట్లనా. వచ్చేదాక కూసుంట" అని ఆమె స్టూలు లాక్కుంది. మహిపాల్ టీ తెప్పించాడు. ఆమె నెమ్మదిగా ఊదుకుంటూ తాగింది. పార్టిషన్ వెనక గాలి ఆడదు, పైన రేకు కాలుతోంది, తిరుపతి చొక్కా తడిసి ముద్దయింది. అరగంటకు కరెంటు పోయి మిషన్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఇనుప రజను ముక్కులోకి పోయి అతనికి వరసగా మూడు తుమ్ములు వచ్చాయి.

"చర్లపల్లిల మస్తు దుమ్మున్నట్టుంది" అంది విక్టోరియమ్మ. "బయటికి రా బిడ్డా."

తిరుపతి తల దించుకుని వచ్చి ఆమె కాళ్ల దగ్గర బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. మహిపాల్ పని ఉన్నవాడిలా బయటికి నడిచాడు.

"నేను పెట్టనమ్మా. ఇంకేమన్న చెప్పు, చేస్త. పైసలు అడుగు, ఇస్త. నాయిన కొడుకును కాదని నేను రాయ."

"నీకొకటి చెప్పాలె. ఇన్నేండ్లు చెప్పలే" అంది ఆమె. "రేషన్ కార్డుల నీ పేరు రాసినప్పటి సంది మీ నాయినకు నిద్ర సరిగ పట్టకపోయేది. అబద్ధం ఆడిన్నని. ఒకనాడు పోయి పాస్టర్ గారికి చెప్పుకున్నడు. గా పేరు కొట్టేపియ్యి, దేవుడు క్షమిస్తడు అన్నడట ఆయన. సక్కగనే చెప్పిండు. మీ నాయిన కార్డు పట్టుకొని రేషనింగ్ ఆఫీసుకు పోయిండు. గంటసేపు లైన్ల నిలబడ్డడంట. కౌంటర్ కాడ ఏ పేరు తీసెయ్యాలె అని అడిగితే నోట్లెకెళ్లి మాట రాలే."

"మరేం జేసిండు?"

"కార్డు మొత్తం వాళ్ల చేతుల పెట్టేసి వచ్చిండు. మాకు కార్డే వద్దన్నడు. ఆ నెల సంది బియ్యం బజార్లనే కొన్నం. నేను ఆరు నెలలు తిట్టిన. నీ పేరు మీద గీత కొట్టబుద్ధి కాలేదంట ఆయనకు."

తిరుపతి చేతికున్న గ్రీజు చూసుకోకుండా మొహం తుడుచుకుని నల్లగా చేసుకున్నాడు. ఆమె కొంగుతో తుడవబోయి, అది పోయేది కాదని వదిలేసింది.

"ఆయనతోని కాలేదు. నాతోని గూడ కాదు. గది నువ్వే చెయ్యాలె" అంది విక్టోరియమ్మ. "ముప్పై ఒక్క ఏండ్లు గడువు దాటనియ్యలే. ఈ ఒక్కటి ఆగిపోతే నాకు మనసున పట్టది. మీ నాయిన ఉన్నప్పుడు అబద్ధం దిద్దుకోలేకపాయె. నీ సంతకంతోని ఆయన లెక్క సాఫైతది."

"పుట్టిన కొడుకును కాదని రాస్త" అన్నాడు తిరుపతి, ఆలోచించి. "అది నిజమే గదా. ఆస్తిల వాటా లేదని రాస్త, అదీ నిజమే. ఏ సంబంధం లేదన్న లైన్ మాత్రం తీసేయాలె. అది ఉంటే నేను పెట్ట."

"తీసేపిస్త. గట్ల రాసినోని చేతులు ఇరగ" అంది విక్టోరియమ్మ.

మర్నాడు స్వర్ణలత తానే కూర్చుని కొత్తగా రాసిచ్చింది. దేవానందం దంపతులకు పుట్టిన కొడుకును కానని, పదిహేనో ఏట నుంచి వాళ్లు తనను ఇంట్లో పెట్టుకుని పెంచారని, రేషన్ కార్డులో కుమారుడని రాసింది అందువల్లనేనని, ఆస్తిలో తనకు హక్కు లేదని, అడగబోనని. నాలుగు లైన్లు, నాలుగూ నిజాలే. తిరుపతి అద్దాలు పెట్టుకుని, పెన్ను గట్టిగా పట్టుకుని సంతకం చేశాడు. ఆఫీసులో ఆర్‌ఐ ఆ కాగితం చదివి, కళ్లు ఎర్రబడ్డ తిరుపతిని ఎగాదిగా చూసి, "వారసుడు అయితా అని వచ్చేటోళ్లను మస్తు చూసిన. కాను అనేదానికి గింత ఏడ్సినోన్ని నిన్నే చూస్తున్న" అన్నాడు. వారం తిరక్కముందే సర్టిఫికెట్ ఇప్పించాడు.

ఎబినేజర్ దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. విక్టోరియా, భార్య. ఎబినేజర్, కుమారుడు. ఫెబా, కుమార్తె. అంతే ఉంటుందని తిరుపతికి తెలుసు. అలా ఉండాలనే కదా సంతకం పెట్టింది. అయినా ఫోటో పెద్దది చేసి, ఇంకో పేరుందేమోనని కింద స్టాంపు దాకా చూశాడు. ఆ రోజు తిప్పిన షాఫ్టు ఒకటి కొలత తప్పింది. మహిపాల్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో పత్రాలు పెట్టిన తొమ్మిదో రోజుకు విక్టోరియమ్మను వారసురాలిగా ఒప్పుకుంటూ జవాబు వచ్చింది. గడువుకు ఇంకా రెండు రోజులుంది. ఆ సాయంత్రమే రిటర్ను వేద్దామంది స్వర్ణలత. ఎబినేజర్ నారపల్లి నుంచి నేరుగా వస్తానన్నాడు, కాబట్టి విక్టోరియమ్మను స్కూటర్ మీద దింపే పని తిరుపతికి పడింది. ఆమె ఆ పూట ఇస్త్రీ చీర కట్టుకుంది, ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తిరుపతి ఆమెను మెట్లెక్కించి, తాను తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపల ఎబినేజర్ పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. ఇది వారసుల పని, తనకేం సంబంధమని అతనే అనుకున్నాడు. తీసేయించిన ఆ లైను అతని మనసులోంచి మాత్రం పోలేదు.

స్వర్ణలత అంకెలన్నీ నింపి, తెర విక్టోరియమ్మ వైపు తిప్పింది. దేవానందం పేరు ముందు "లేట్" అని ఉంది. కింద, ఆయన తరఫున విక్టోరియా అని ఉంది. ఆమె ఆ రెండు పేర్లూ చాలాసేపు చూసింది. పెళ్లి కార్డు తర్వాత తమ ఇద్దరి పేర్లే ఒకే కాగితం మీద పైనా కిందా రావడం ఇదేనేమో అంది. కళ్లలో నీళ్లున్నాయి గానీ మొహం నవ్వుతోంది. "ఏసెయ్ బిడ్డా" అంది.

"ఇంకొక్కటే ఆంటీ. ఇది మీరే ఏసిన్రని రుజువు కావాలె. మీ ఆధార్‌కున్న నంబర్‌కు ఓటీపీ పంపిన, చెప్పుండ్రి."

విక్టోరియమ్మ ఫోన్ చూసుకుంది. ఏమీ రాలేదు. ఎబినేజర్ ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆఫ్ చేసి ఆన్ చేశాడు. తన ఫోన్ చూశాడు. చెంగిచెర్లలో ఉన్న ఫెబాకు చేసి అడిగాడు, ఆమెకూ రాలేదు.

"ఆధార్ దిగినప్పుడు ఏ నంబర్ ఇచ్చినవ్ మమ్మీ?"

"నాకప్పుడు ఫోనే లేదు గదరా."

తలుపు దగ్గర తిరుపతి జేబులో ఫోన్ అంతకుముందే ఒకసారి చప్పుడు చేసింది. ఏదో ఆర్డరనుకుని అతను పట్టించుకోలేదు. ఇప్పుడు తీసి చూశాడు. చూసి, నెత్తిమీది అద్దాలు దించుకుని మళ్లీ చూశాడు. పన్నెండేళ్ల కింద నాచారంలో ఒక స్కూల్లో ఆధార్ క్యాంపు పెట్టారు. దేవానందానికి డ్యూటీ ఉంటే, విక్టోరియమ్మను స్కూటర్ మీద తీసుకెళ్లింది తిరుపతే. ఫోన్ నంబర్ చెప్పమ్మా అని అక్కడివాళ్లు అడిగితే, ఆమె ఇతని వైపు చూసింది. ఇతను తన నంబర్ చెప్పాడు. ఆ సంగతి ఆమే మరిచిపోయింది, అతనూ మరిచిపోయాడు.

"నాకొచ్చింది" అన్నాడు తిరుపతి. 

"లోపటికి రా అన్నా, జల్ది చెప్పు. టైం అయిపోతే మళ్ల పంపాలె" అంది స్వర్ణలత.

అతను వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. ఆరు అంకెలు. కళ్లు మసకబారి మూడును ఎనిమిదిగా చదివాడు, తప్పని వచ్చింది. ఎబినేజర్ ఫోన్ అందుకోబోతే విక్టోరియమ్మ వాడి చెయ్యి ఆపింది. "వాన్నే చెప్పనియ్యి" అంది. తిరుపతి కళ్లు తుడుచుకుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి, బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు గట్టిగా చదివాడు. స్వర్ణలత ఒక్కొక్కటే కొట్టింది. తెర మీద పచ్చ టిక్కు వచ్చింది. ముప్పై రెండో రిటర్ను, గడువుకు రెండు రోజుల ముందే, దాఖలైపోయింది.

ఎబినేజర్ నవ్వుతూ అన్న భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత అలవాటు ప్రకారం తొందరపడ్డాడు. "మమ్మీ, రేపే ఆధార్ సెంటర్‌కు పోయి నీ నంబర్ ఎక్కిద్దాం. మళ్ల ఏ పనికైనా ఓటీపీ వచ్చిందంటే అన్నకే పోతది."

విక్టోరియమ్మ ఫైలు మూసి, దారం చుట్టి, తిరుపతి చేతికిచ్చి లేచింది.

"పోనియ్యి" అంది. "ఇంట్ల పెద్దోనికి గాక ఇంకెవలకు పోతది."